ఏఐ డిటెక్టర్ సబ్‌స్క్రిప్షన్: కాలేజీ ఇంగ్లీష్ టీచర్లు కొనే ముందు ఒకసారి ఇది చదవండి

ముందు రేటింగ్ చెప్పేస్తా, ఐదుకి ఒకటిన్నర. టైమ్ లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోయినా పర్లేదు, కానీ మీ కాలేజీలో ఎవరైనా "మనం కూడా ఒకటి తీసుకుందాం" అంటుంటే మాత్రం మొత్తం చదవండి, ఎందుకంటే ఇందులో పోయేది డబ్బొక్కటే కాదు.

నేను విజయనగరంలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీష్ చెప్తాను, జనరల్ ఇంగ్లీష్, అంటే బీఏ బీకాం బీఎస్సీ అందరికీ ఉండేది. మా పిల్లలు గజపతినగరం, నెల్లిమర్ల, చీపురుపల్లి, గంట్యాడ, ఎస్.కోట వైపు నుంచి పొద్దున్నే బస్సులకీ పాసింజర్ బళ్ళకీ వస్తారు. చాలామంది ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఇక్కడికొచ్చేసరికి అన్ని సబ్జెక్టులూ ఇంగ్లీషులో, 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీష్ మీడియమే చేసేసారు కదా. అంటే ఒక పిల్ల ఇంగ్లీషులో సొంతంగా ఒక పేరా రాయడం నేర్చుకోవాల్సిన వయసూ, చేతిలో ఫోను ఆ పేరా రాసిచ్చేసే కాలమూ రెండూ ఒకేసారి వచ్చి పడ్డాయి. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చింది, ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే అసైన్‌మెంట్లు మారిపోయాయి. తెలుగులో కూడా గట్టిగా నాలుగు మాటలు మాట్లాడని కుర్రాడు సెమికోలన్లు పెట్టి మరీ రాసుకొస్తుంటే ఏ టీచరికైనా తెలుస్తుంది. అలా తెలిసిన భయంలోనే మా డిపార్ట్‌మెంట్లో ఈ ఏఐ డిటెక్టర్, అంటే ఇచ్చిన రాత మనిషి రాసిందా ఏఐ రాసిందా అని చెప్తానంటూ అమ్మే సర్వీసు తీసుకున్నారు, నెలవారీ, డాలర్లలో, ఒకరి కార్డు మీద. పేరు రాయట్లేదు. ఎందుకంటే తర్వాత ఫ్రీగా దొరికేవి కూడా వాడి చూసాం, లోపల అన్నీ దాదాపు ఒకే పద్ధతి, ఒక్క కంపెనీని తిట్టి ఇంకోటి కొనుక్కోండి అని చెప్పడం నా ఉద్దేశం కాదు.

వాడటం తేలికే, అది ఒప్పుకోవాలి. పిల్లలు పంపిన ఫైలు అప్‌లోడ్ చేయడమో టెక్స్ట్ పేస్ట్ చేయడమో చేస్తే కాసేపట్లో ఒక శాతం చూపిస్తుంది, అనుమానం ఉన్న వాక్యాలకి రంగు వేస్తుంది, పీడీఎఫ్ రిపోర్ట్ ఇస్తుంది. చూడ్డానికి చాలా నీట్‌గా ఉంటుంది. ఆ నీట్‌గా ఉండటమే ప్రమాదం అని నా అభిప్రాయం. స్టాఫ్ రూమ్‌లో ఒక టీచరు "ఈ పిల్ల రాసింది కాదనిపిస్తోందండీ" అంటే పక్కవాళ్ళు "ఎందుకనిపించింది, పిల్లని అడిగారా" అంటారు, అదే "డెబ్బై ఎనిమిది శాతం" అని రిపోర్ట్ తెచ్చి టేబుల్ మీద పెడితే ఇంకెవరూ ఏమీ అడగరు.

అసలు ఆ శాతం ఎక్కడినుంచి వస్తుందో చాలామందికి తెలీదు, మా దగ్గరా మొదట్లో ఎవరూ ఆలోచించలేదు. మనలో చాలామందికి అలవాటైంది ప్లేజియరిజం చెకింగ్, అంటే వేరేవాళ్ళ రాతలోంచి ఎత్తారా అని చూడటం. యూజీసీ 2018లో రూల్స్ తెచ్చింది, థీసిస్‌లో పదిశాతం దాకా పోలిక ఉంటే పర్లేదు, దాటితే ఇంతింత అని మెట్లు పెట్టింది. పీహెచ్‌డీ చేసినవాళ్ళందరం ఆ రిపోర్టులు చూసినవాళ్ళమే. అందులో ఏ లైను ఎక్కడినుంచి తీసుకున్నారో ఆ సోర్స్ పక్కనే చూపిస్తుంది, నమ్మకపోతే మనమే ఓపెన్ చేసి పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ఏఐ డిటెక్టర్ ఇచ్చే శాతం అది కాదు. దాని వెనక చూపించడానికి ఏ సోర్సూ లేదు, ఉండదు కూడా, ఎందుకంటే చాట్‌బాట్ ప్రతిసారీ కొత్తగా తయారుచేసి ఇస్తుంది. ఇది చేసేది ఏంటంటే ఒక మాట తర్వాత వచ్చే మాట ఎంత సులువుగా ఊహించొచ్చో చూస్తుంది (దాన్ని పెర్ప్లెక్సిటీ అంటారు), వాక్యాల పొడవుల్లో, తీరులో ఎంత తేడా ఉందో చూస్తుంది (దీన్ని బర్స్టీనెస్ అంటారు), ఇలాంటి లెక్కలన్నీ కలిపి ఒక అంచనా చెప్తుంది. అంటే ఊహించగలిగే మాటలతో, ఒకే సైజు వాక్యాలతో రాస్తే అది మెషీన్ రాసినట్టు లెక్క.

ఇప్పుడు మన పిల్లల ఇంగ్లీష్ ఎలా తయారవుతుందో గుర్తు తెచ్చుకోండి. ఆరో తరగతి నుంచి గైడు. ఎస్సే అంటే గైడులో ఉన్నదే, 'ఇన్ దిస్ మోడర్న్ వరల్డ్' అని మొదలు, మధ్యలో ఏదో ఒకటి 'ప్లేస్ ఎ వైటల్ రోల్', తర్వాత మెరిట్స్ డీమెరిట్స్, చివర్లో 'టు కంక్లూడ్'. లెటర్ రాయమంటే 'విత్ రిఫరెన్స్ టు ది సబ్జెక్ట్ సైటెడ్ అబవ్'. బట్టీ పట్టి, అప్పజెప్పి, అలాగే రాస్తే మార్కులు వేసింది మనమే, వేయకపోతే తల్లిదండ్రులు వచ్చి అడిగేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఊహించగలిగేలా రాయడమే చదువు అని నేర్పి, ఇప్పుడు ఊహించగలిగేలా రాసావు కాబట్టి నువ్వు రాయలేదు అనడం, ఇది ఏం న్యాయం చెప్పండి.

ఇదేదో నా ఊహ అనుకుంటారేమో అని నిజంగానే పరీక్షించి చూసాను. మా డిపార్ట్‌మెంట్ బీరువాలో కోవిడ్‌కి ముందు బ్యాచ్‌ల అసైన్‌మెంట్ పుస్తకాలు కొన్ని ఉండిపోయాయి, చేత్తో రాసినవి, చాట్‌జీపీటీ అన్న మాటే లేని రోజులవి. వాటిల్లోంచి కొన్ని వ్యాసాలు ఉన్నదున్నట్టు టైప్ చేసి పెట్టాను. తప్పులు నిండా ఉన్నవి చాలావరకు మనిషి రాసినవే అని చెప్పింది. బాగా రాసే పిల్లలవి, శుభ్రంగా, గైడు పద్ధతిలో, తప్పుల్లేకుండా రాసినవి మాత్రం కొన్నింటికి సగం పైన ఏఐ అని వచ్చింది. 2019లో పెన్నుతో రాసిన పేపరు! ఆ పిల్లలు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు, వాళ్ళని అడిగేవాళ్ళెవరూ లేరు, కానీ అదే పేపరు ఈ ఏడాది రాసుంటే ఇంటర్నల్స్‌లో సున్నా పడి ఉండేది.

దీనికి మించి నన్ను బాధపెట్టింది ఇంకొకటుంది. మా క్లాసులో నేనిచ్చే టాపిక్ ఒకటి, మీ ఇంట్లో ఎవరో ఒకరు చేసే పని మొదటి నుంచి చివరి దాకా రాయండి అని. ఎల్.కోట మండలం వైపు నుంచి వచ్చే అమ్మాయి మామిడి తాండ్ర గురించి రాసింది, భీమాళి తాండ్ర మనందరికీ తెలుసు కదా, ఆ చుట్టుపక్కల వేసవి వస్తే అదే పని. రసం తీసి, తీపి కలిపి, చాపల మీద పల్చగా ఒక పూత పోసి, అది ఆరాక దాని మీద ఇంకో పూత, అలా మందం వచ్చేదాకా రోజుల తరబడి ఎండబెట్టాలి. ఇంగ్లీష్ అంతా తప్పులే, ఆర్టికల్స్ లేవు, టెన్సులు కలిసిపోయాయి, కానీ ఒక వాక్యం ఉంది, 'వెన్ క్లౌడ్ కమ్స్ మై మదర్ నాట్ స్పీక్ టు ఎనీబడీ' అని. మబ్బు పట్టిందంటే అమ్మ ఎవరితోనూ మాట్లాడదట! నేను ఎన్నో ఏళ్ళుగా పేపర్లు దిద్దుతున్నాను, అలాంటి వాక్యం వచ్చినరోజు ఇంటికెళ్ళాక కూడా మనసులో తిరుగుతూనే ఉంటుంది. అదే టాపిక్ చాట్‌బాట్‌ని అడిగి చూసాను, తరతరాల సంప్రదాయం, నోరూరించే రుచి, గ్రామీణ మహిళల సాధికారత, ఇలా చక్కగా అరపేజీ ఇచ్చింది, అందులో మబ్బు లేదు, భయపడే మనిషీ లేదు.

సరే ఆ అమ్మాయిని పిలిచి తప్పులు చూపించాను, ఇక్కడ 'డజ్ నాట్' రావాలి, ఇక్కడ 'ఎ' రావాలి, ఈ రెండు వాక్యాలు కలుపు అని. ఆ పిల్ల ఓపిగ్గా కూర్చుని దిద్దుకుంది, ఫోన్‌లో గ్రామర్ చెకర్‌లో కూడా ఒకసారి చూసుకుంది, అది నేనే చూసుకోమన్నాను. మొదటి డ్రాఫ్టుకి డిటెక్టర్ దాదాపు ఏమీ చూపించలేదు. దిద్దిన డ్రాఫ్టుకి ఎర్ర రంగు వచ్చింది! అంటే ఆ పిల్ల మనం నేర్పింది నేర్చుకున్న కొద్దీ దొంగగా కనపడుతోంది. "మేడమ్, మీరు చెప్పినట్టే కదా దిద్దాను, మరేటయింది" అని అడిగింది. నేను ఎదురుగా ఉండి దిద్దించాను కాబట్టి సరిపోయింది, ఇంకెవరికో ఆ పేపర్ పంపి ఉంటే ఆ ప్రశ్న అడిగే అవకాశం కూడా వచ్చేది కాదు.

ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. 2023లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు ఏడు డిటెక్టర్లు తీసుకుని, ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్ళు టోఫెల్ పరీక్షకి రాసిన 91 వ్యాసాలు పెట్టి చూసారు, అవన్నీ మనుషులు రాసినవే, అయినా సగటున 61 శాతానికి పైగా ఏఐ రాసింది అని తేల్చాయవి. అమెరికా స్కూలు పిల్లల వ్యాసాలు పెడితే దాదాపు అన్నీ సరిగ్గానే చెప్పాయట. ఇంకో సంగతి చూడండి, అవే టోఫెల్ వ్యాసాలని చాట్‌జీపీటీకి ఇచ్చి పదాలు కాస్త ఇంగ్లీషువాళ్ళు వాడే స్థాయికి మార్చు అంటే, అలా మార్చినవాటిలో ఏఐ అన్న ముద్ర పడటం బాగా తగ్గిపోయింది. అంటే మామూలు మాటలతో నిజాయితీగా రాసిన పిల్ల దొరికిపోతుంది, మెషీన్ చేత పెద్ద పదాలు వేయించుకున్నవాడు తప్పించుకుంటాడు. మా దగ్గర జరిగింది చూసాక ఈ సంగతి నాకు ఇంకా బాగా అర్థమైంది, గ్రామర్ సరిచేస్తే వాక్యం మామూలు వాక్యం అవుతుంది, మామూలు వాక్యమంటేనే దానికి అనుమానం.

చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్ఏఐ కూడా 2023 జనవరిలో సొంతంగా ఒక డిటెక్టర్ పెట్టింది, వాళ్ళే చెప్పిన లెక్క ప్రకారం ఏఐ రాసినవాటిలో 26 శాతమే పట్టుకుంది, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐ అంది. అదే ఏడాది జులైలో కచ్చితత్వం లేదని తీసేసారు. అమెరికాలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ 2023 ఆగస్టులో టర్నిటిన్ అనే ప్లేజియరిజం చెకింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏఐ డిటెక్షన్ భాగాన్ని ఆపేసింది, వాళ్ళు వేసిన లెక్క చాలా సింపుల్, ముందు ఏడాది తమ దగ్గర 75,000 పేపర్లు చెక్ చేసారు, ఒక్క శాతమే తప్పు అనుకున్నా 750 మంది మీద అబద్ధపు నింద పడేది అని. అంతెందుకు, అమెరికా రాజ్యాంగాన్ని పేస్ట్ చేస్తే ఏఐ రాసిందని చెప్పిన డిటెక్టర్లు ఉన్నాయని అదే ఏడాది వార్తల్లో వచ్చింది, అది బోలెడుసార్లు ఏఐ మోడల్స్ చదివేసిన టెక్స్ట్ కాబట్టి తర్వాతి మాట ఊహించడం దానికి తేలికన్నమాట. వాళ్ళకి పెద్ద పెద్ద టెక్నికల్ టీములు ఉండి ఆపేసారు. మనం మాత్రం ఒక లాగిన్ పదిమంది షేర్ చేసుకుని పిల్లల ఇంటర్నల్ మార్కులు నిర్ణయించేస్తే ఎలా.

ఇక క్లాసులో ఏమైందో చెప్పాలి, నాకు దీని మీద కోపం వచ్చింది ఇక్కడే. డిటెక్టర్ వాడుతున్నారని పిల్లలకి తెలిసిన కొద్ది రోజులకే ఒక పద్ధతి మొదలైంది. కావాలని స్పెల్లింగ్ తప్పులు పెట్టడం, కామాలు తీసేయడం, బాగా వచ్చిన వాక్యాన్ని చెడగొట్టడం. ఇది చాట్‌బాట్ వాడిన పిల్లలే కాదు, సొంతంగా రాసుకున్న పిల్లలు కూడా భయానికి చేస్తున్నారు! ఒకమ్మాయి పేపర్‌లో 'రిసీవ్' స్పెల్లింగ్ మొదట సరిగ్గా రాసి, కొట్టేసి, పైన తప్పుగా రాసింది. ఇంగ్లీష్ టీచరిగా నేను చూడాల్సిన దృశ్యమేనా అది. మరోపక్క హ్యూమనైజర్ అని ఇంకోరకం సైట్లున్నాయి, ఏఐ రాసినదాన్ని మనిషి రాసినట్టు మార్చి ఇస్తాయి, డబ్బున్న పిల్లలు దానికి కట్టుకుంటారు, అదీ కాకపోతే జిరాక్స్ షాపులో అసైన్‌మెంట్ టైపింగ్ ప్రింటింగ్ బైండింగ్‌తో పాటు ఇది కూడా చేసిపెట్టేవాళ్ళు తయారయ్యారు. చివరికి దొరికేదెవరయ్యా అంటే ఈ కిటుకులు తమకి ఎవరూ చెప్పనివాళ్ళు, ఏ గ్రూపులోనూ లేనివాళ్ళు, బస్సు దిగి క్లాసుకొచ్చి బస్సెక్కి వెళ్ళిపోయే పిల్లలు.

పిల్లలు మోసం చేయాలని చేస్తున్నారని కూడా నేననుకోను, కొందరుంటారు, ఎప్పుడూ ఉన్నారు. కానీ వాళ్ళు పెరిగిన తీరు వేరు. 2016లో జియో వచ్చినప్పుడు వీళ్ళు బళ్ళో చదువుతున్నారు, 2020 లాక్‌డౌన్‌లో చదువు మొత్తం ఫోన్‌లోనే, చూసిందల్లా ఫోన్‌లోనే దొరుకుతుంది. 2025 జనవరి నుంచి మన మిత్ర అని ప్రభుత్వం పెట్టిన సర్వీసులో సర్టిఫికెట్లు కూడా వాట్సాప్‌లోనే. ఒక కుర్రాడు నన్ను సూటిగా అడిగాడు, "మేడమ్, ఇన్‌కమ్ సర్టిఫికెట్ వాట్సాప్‌లో వస్తే తప్పు కాదు, ఎస్సే వస్తే తప్పేటి?" అని. అది మంచి ప్రశ్న, దాటేయకూడదు. నేను చెప్పింది ఏంటంటే, సర్టిఫికెట్‌తో పని కాగితం చేతికి వచ్చేదాకానే, ఎస్సే కాగితం నాకేం అవసరం, తీసుకెళ్ళి బీరువాలో పడేస్తాను, అది రాస్తున్నప్పుడు నీ బుర్రలో ఏం జరిగిందో అదే నాకు కావాలి, రేపు ఇంటర్వ్యూలో ఎదుటివాడు అడిగేది కూడా అదే. వాడు పూర్తిగా ఒప్పుకోలేదు, పర్లేదు, కానీ ఆ సంభాషణ జరిగింది. డిటెక్టర్ చేతిలో ఉన్నన్నాళ్ళూ మా దగ్గర ఆ సంభాషణే జరగలేదు, రిపోర్ట్ చూపించడం, పిల్లలు తలొంచుకోవడం, అంతే.

మరి ఆ ఒకటిన్నర దేనికి ఇచ్చాను అంటే, మొత్తం చాట్‌బాట్‌లోంచి ఎత్తి ఒక్క అక్షరం మార్చకుండా ఇచ్చినవాటిని చాలాసార్లు పట్టుకుంది, అది నిజం. కానీ అలాంటివి మనకి ఎలాగూ తెలిసిపోతాయి, మా పిల్లల్లో ఒకరిద్దరు అయితే చివర్లో చాట్‌బాట్ అడిగే ప్రశ్న, ఇంకా వివరంగా కావాలా అని, అది కూడా ప్రింట్ తీసి ఇచ్చేసారు. దానికి డాలర్లు కట్టాల్సిన పని లేదు.

కస్టమర్ సపోర్ట్ గురించి కూడా చెప్పాలి కాబట్టి, పాత పేపర్లకి తప్పుగా చూపిస్తోందని రాస్తే, దీన్ని ఒక సూచనగా మాత్రమే తీసుకోండి, ఇదొక్కటే ఆధారంగా నిర్ణయం తీసుకోవద్దు అని మర్యాదగా జవాబిచ్చారు. ఆ మాట అమ్మేముందు పెద్ద అక్షరాల్లో చెప్పాల్సింది, రిపోర్ట్ చివర చిన్న అక్షరాల్లో కాదు. ఇంకోటి, పిల్లల పేర్లూ హాల్‌టికెట్ నంబర్లూ ఉన్న ఫైళ్ళు అలాగే అప్‌లోడ్ చేసేస్తున్నాం, అవి ఏ దేశంలో సర్వర్‌లో ఎన్నాళ్ళుంటాయో మనం చదవం. 2023లో మన దేశంలో డేటా ప్రొటెక్షన్ చట్టం కూడా వచ్చింది. కనీసం పేర్లు తీసేసి పెట్టండి.

ఇప్పుడు మేం ఏం చేస్తున్నామో రాస్తాను, ఎవరికైనా పనికొస్తుందని. మొదటి డ్రాఫ్ట్ క్లాసులోనే, లాంగ్ బుక్‌లో, పెన్నుతో, ఫోన్లు బ్యాగుల్లో. టాపిక్ ఎప్పుడూ వాళ్ళ ఇంటిదో ఊరిదో, పొల్యూషన్ మీద రాయండి అంటే ప్రపంచం మొత్తం ఒకటే రాస్తుంది, నెల్లిమర్ల జూట్ మిల్లు షిఫ్ట్ వదిలిన టైమ్‌లో రోడ్డు ఎలా ఉండేదో మీ నాన్నని అడిగి రాయి అంటే ఆ పిల్లాడు ఇంటికెళ్ళి నాన్నతో మాట్లాడాలి. మా ఊరి పైడితల్లమ్మ సిరిమానోత్సవం మీద రాయమంటే చాట్‌బాట్ బ్రహ్మాండంగా రాస్తుంది, ఆరోజు నువ్వు ఎక్కడ నిలబడ్డావు, ఏం కనపడలేదు అని అడగండి, అప్పుడు చూడండి. రాసే ముందు పక్కనున్నవాళ్ళకి తెలుగులో చెప్పమంటాను, వాళ్ళు ఇంట్లో మాట్లాడే తెలుగులో, ఏటి, ఎలాగ, ఎందుకు అన్నీ చెప్పేసాక పెన్ను పట్టుకుంటే అప్పుడు మాట దానంతట అది వస్తుంది. ఇంగ్లీష్ క్లాసులో తెలుగేంటి అని కొందరు మొహం చిట్లించారు. గురజాడ అప్పారావు గారు మహారాజా కాలేజీలో పాఠాలు చెప్పిన ఊరిది, గిడుగు రామమూర్తి గారు పుట్టిన నేల మన పక్క శ్రీకాకుళంలోనే ఉంది, మనిషి మాట్లాడే భాషకి చదువులో చోటుండాలని ఆయన అంతకాలం పోట్లాడారు. ఆ ఊళ్ళో కూర్చుని ఒక పిల్ల మాట్లాడే తీరులో ఇంగ్లీష్ రాస్తే అది తక్కువ ఇంగ్లీష్ అనుకోవడానికి నాకు మనసొప్పదు, అక్కణ్ణుంచి దిద్దుకుంటూ వెళ్ళడమే మా పని.

రెండో డ్రాఫ్ట్‌కి ఫోన్ వాడొచ్చు, చాట్‌బాట్ కూడా వాడొచ్చు, ఒక్కటే కండిషన్, ఏం అడిగారో అది చెప్పినదాంట్లో ఏది తీసుకున్నారో ఏది వద్దనుకున్నారో పుస్తకంలో కుడివైపు పేజీలో రాయాలి. ఈ వద్దనుకున్నది రాయించడం దగ్గర అసలైన రైటింగ్ క్లాస్ జరుగుతోంది. తాండ్ర రాసిన అమ్మాయి తన వాక్యాన్ని బాట్‌కి ఇస్తే, మబ్బులు కమ్ముకున్నప్పుడు అమ్మ తీవ్ర ఆందోళనకి లోనవుతుంది అనే అర్థం వచ్చేలా పెద్ద పదాలతో మార్చి ఇచ్చింది, ఆ పిల్ల పక్కన రాసింది, 'నో, షి జస్ట్ డజ్ నాట్ టాక్' అని. దానికి నేను ఫుల్ మార్కులు వేసాను.

కంప్యూటర్ ల్యాబ్ దొరికినప్పుడు ప్రాజెక్టులు గూగుల్ డాక్స్‌లో చేయిస్తాం, అది ఫ్రీ, అందులో వెర్షన్ హిస్టరీ అని ఉంటుంది, ఫైల్ మెనూలోకి వెళ్తే కనపడుతుంది, ఎప్పుడు ఎంత రాసారు, ఏం తీసేసారు అన్నీ వరసగా చూడొచ్చు. నాలుగు రోజుల్లో కాస్త కాస్త పెరిగిన డాక్యుమెంట్‌కీ ఒకేసారి మూడు పేజీలు వచ్చి పడ్డ డాక్యుమెంట్‌కీ తేడా ఎవరికైనా కనపడుతుంది. దాన్ని కూడా పోలీసులా వాడొద్దు, చాట్‌బాట్ చూసి చేత్తో టైప్ చేసేవాళ్ళూ ఉంటారు, ఫోన్‌లో నోట్స్‌లో రాసుకుని ఒకేసారి పేస్ట్ చేసే నిజాయితీపరులూ ఉంటారు. ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఇక్కడ ఈ పేరా ఎందుకు తీసేసావు అని అడగడానికి వాడండి, పిల్లలకి కూడా వాళ్ళ రాత పెరగడం కళ్ళముందు కనపడితే చాలా సంతోషంగా ఉంటుంది.

దీంట్లో కష్టం లేదని అనను. సెక్షన్‌కి అరవై మంది, వారానికి ఇన్ని పీరియడ్లు, అందరివీ అన్ని డ్రాఫ్టులూ దిద్దడం ఎవరివల్లా కాదు. మేం వారానికి కొన్ని బెంచీల వాళ్ళవే గట్టిగా చూస్తాం, మిగతావాళ్ళవి వాళ్ళలో వాళ్ళే మార్చుకుని చదువుకుంటారు, సెమిస్టర్ అయ్యేలోపు అందరూ రెండుమూడుసార్లు నా దగ్గర కూర్చుంటారు. రాసినదాని మీద రెండు నిమిషాలు మాట్లాడమంటాం, తెలుగు కలిపినా సరే. సొంతంగా రాసినవాళ్ళకి ఆ రెండు నిమిషాలు చాలవు, ఇంకా చెప్తూనే ఉంటారు. కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే న్యాక్ వాళ్ళ ఫైలుకి ప్రూఫ్ కావాలంటే ఆ లాంగ్ బుక్కే పెట్టండి, డ్రాఫ్ట్ మీద డ్రాఫ్ట్, తేదీలతో సహా ఉంటుంది, ఆ శాతాల రిపోర్టుల కంటే చాలా మెరుగు.

కాబట్టి కొనాలా అంటే, వద్దు. ఆ డబ్బుతో పుస్తకాలు కొనలేని పిల్లలకి లాంగ్ బుక్స్ కొనివ్వండి. ఇప్పటికే కొనేసి ఉంటే, ఆ శాతాన్ని మార్కుల రిజిస్టర్‌లోకి మాత్రం ఎక్కించకండి, రిపోర్ట్ చూసేముందే పిల్లతో మాట్లాడండి, రిపోర్ట్ చూసాక ఆ పిల్లకి కూడా చూపించి జవాబు చెప్పే టైమ్ ఇవ్వండి, పాత బ్యాచ్ పేపర్లు ఉంటే మీరూ నాలుగు పెట్టి చూసుకోండి, నా మాట నమ్మక్కర్లేదు. ఇంకా సెట్టింగ్స్‌లోకెళ్ళి ఆటో రెన్యూవల్ ఆఫ్ చేయండి, అది బిల్లింగ్‌లో బాగా కిందకి ఉంటుంది, వెతుక్కోవాలి, కార్డు ఎవరిదైతే వాళ్ళకే నెలనెలా కట్ అవుతూ ఉంటుంది.